బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ఉన్న చోట అపార్ట్‌మెంట్ కడుతున్నారు. కింద మట్టిని ఎవరు చూస్తారు?

చింతల్_వాసి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నానే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

జీడిమెట్ల దగ్గర ఒక కొత్త ప్రాజెక్టులో టూ బీహెచ్‌కే చూస్తున్నాం. రేటు మా బడ్జెట్‌లోనే ఉంది. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, రెరా నంబరు అన్నీ మా తోడల్లుడు దగ్గరుండి చూశాడు, పేచీ ఏమీ లేదన్నాడు. ఆ స్థలంలో ఇదివరకు బల్క్ డ్రగ్ యూనిట్ (మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ) ఉండేదట. మూతపడి పదేళ్లు దాటింది.

ఈరోజు సైటుకి వెళ్లాం. సెల్లార్ తవ్వుతున్నారు. గోతి అంచున నిలబడి చూస్తే మూడు వైపులా మామూలు ఎర్ర మొరం. నాలుగో వైపు, పాత బాయిలర్ ఉండేదన్న మూలలో, రెండడుగుల కింద జానెడు మందాన నల్లటి చార. చెక్కలో ఇంజినాయిల్ ఇంకినట్టు ఉంది. గాలి అటునుంచి వీచినప్పుడల్లా నెయిల్ పాలిష్ సీసా మూత తీసినట్టు వాసన. మా ఆవిడ అక్కడే చెప్పేసింది, "నాకీ ఇల్లు వద్దు" అని. సేల్స్ అబ్బాయిని అడిగితే నవ్వి, "సాయిల్ టెస్ట్ అయిపోయింది సార్, రిపోర్టు ఉంది" అని పాతిక పేజీల ఫైలు చేతిలో పెట్టాడు.

ఆ రిపోర్టు సరిపోతుందా? ఇలాంటి స్థలంలో ఇళ్లు కట్టే ముందు ప్రభుత్వం తరఫున ఎవరైనా వచ్చి మట్టి చూడాలన్న రూలు ఉందా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాంక్రీట్_కాకా | ఆదివారం, రాత్రి 10:05

ఆ ఫైల్లో "ఎన్ వాల్యూ", "ఎస్‌బీసీ" అనే మాటలు ఉన్నాయేమో చూడండి.

చింతల్_వాసి | ఆదివారం, రాత్రి 10:11

అవే ఉన్నాయి. పేజీకి నాలుగుసార్లు.

కాంక్రీట్_కాకా | ఆదివారం, రాత్రి 10:30

అయితే అది వేరే పరీక్ష అండీ. నేను ముప్పై ఏళ్లుగా సివిల్‌లో ఉన్నాను. బోరు వేసి, గొట్టాన్ని 63.5 కిలోల సుత్తితో కొట్టి, 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కేస్తారు. ఆ దెబ్బల లెక్కే ఎన్ వాల్యూ. దాన్ని బట్టి నేల ఎంత బరువు మోస్తుందో చెబుతారు, అది ఎస్‌బీసీ. చివరి పేజీల్లో పీహెచ్, సల్ఫేట్లు, క్లోరైడ్లు కూడా ఉంటాయి. అవి చూసేది పునాది కాంక్రీటునీ ఇనుమునీ తినేస్తాయేమోనని. మనుషుల కోసం చేసే పరీక్ష కాదది.

ఈ పరీక్షనీ, మట్టిలో విషాలు చూసే పరీక్షనీ రెంటినీ "సాయిల్ టెస్ట్" అనే అంటారు కాబట్టి కొనేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. సేల్స్ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అతనికీ తేడా తెలియదు.

బాచుపల్లి_బ్రో | ఆదివారం, రాత్రి 11:15

ఎందుకు బ్రో అంత టెన్షన్. బాలానగర్, కూకట్‌పల్లి, సనత్‌నగర్ సగం ఫ్యాక్టరీల మీదే లేచింది. అక్కడ అందరూ బతకట్లేదా? రేటు బాగుంటే లాగేయ్. మంజీరా నీళ్లు వస్తాయి కదా, బోరు నీళ్లు ఎవడు తాగుతాడు.

పాత_రియాక్టర్ | సోమవారం, ఉదయం 6:20

బ్రో గారూ, లేత్ మిషన్ షెడ్డు వేరు, బల్క్ డ్రగ్ యూనిట్ వేరు.

నేను 1988 నుంచి 2011 దాకా ఆ ప్రాంతంలోనే నాలుగు యూనిట్లలో ప్రొడక్షన్ చూశాను. పేర్లు రాయను. తొలిరోజుల్లో ఎలా ఉండేదో చెబుతా. బ్యాచ్ అయ్యాక సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చే ఎంఎల్‌ని (మందు వేరుచేశాక మిగిలే ద్రావణం) డ్రమ్ముల్లో పట్టేవాళ్లం. అందులోంచి సాల్వెంట్ (మందును కరిగించడానికి వాడే ద్రవం) తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే ఆ డ్రమ్ములు బాయిలర్ వెనక వరసగా నిలబడేవి. రెండు వానాకాలాలకి అడుగు తుప్పు పట్టి కారేది. ఒక యూనిట్లో ఆ వరస పక్కనే వేపచెట్టు ఉండేది. ముందు కాంపౌండు వైపు కొమ్మలు పచ్చగానే ఉండి, డ్రమ్ముల వైపు కొమ్మలు మాత్రమే ఎండాయి. మరుసటి ఏడాది చెట్టు మొత్తం పోయింది. ఎవరం ఏమీ అనుకోలేదు, కొట్టేసి బాయిలర్‌లో వేశాం.

సోలార్ పాండ్ అని ఇంకొకటి. ఉప్పు నీళ్లు ఎండపెట్టే చెరువులాంటిది. కింద షీటు వేస్తారు, అది చిరిగినా పైకి తెలియదు. యూనిట్ మూసేటప్పుడు దాని మీద రెండు అడుగులు మొరం పోసి చదును చేసేస్తే అయిపోయేది. చింతల్_వాసి గారు చెప్పిన "పైన మొరం, కింద నల్ల చార" చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వాసన సంగతి. అసిటోన్ అయితే త్వరగా ఎగిరిపోయే రకం. మట్టిలో ఉన్నా సూక్ష్మజీవులు తినేస్తాయి. పదేళ్ల తరవాత కూడా సాల్వెంట్ వాసన వస్తోందంటే గాలి తగలని చోట ఏదో చిక్కుకుని ఉంది. ఏమిటన్నది ముక్కుతో తేల్చకూడదు. దయచేసి గోతిలోకి దిగకండి.

నల్లగౌను | సోమవారం, మధ్యాహ్నం 1:45

చట్టం వైపు నుంచి నాకు తెలిసినది.

రూలు ఉంది. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు నోటిఫై చేసింది. 1986 పర్యావరణ చట్టం కింద ఇలాంటి స్థలాల కోసమే విడిగా నియమాలు రావడం ఇదే మొదటిసారి. పని నడిచే తీరు ఇదీ: జిల్లా యంత్రాంగమో స్థానిక సంస్థో తమంతట తాముగా గానీ, ఫిర్యాదు మీద గానీ "అనుమానిత స్థలం" అని గుర్తించి ఆరు నెలలకోసారి జాబితా ఇవ్వాలి. రాష్ట్ర పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) 90 రోజుల్లో ప్రాథమికంగా నమూనాలు తీసి చూడాలి. తేడా కనిపిస్తే మరో మూడు నెలల్లో లోతుగా సర్వే చేసి, కలుషితమా కాదా తేల్చాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లోని 189 రసాయనాలు కొలబద్ద. కలుషితమే అని తేలితే చేసినవాళ్లెవరో పీసీబీ 90 రోజుల్లో గుర్తించి, శుభ్రం చేసే ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేయాలి. వాళ్లు కట్టలేని పరిస్థితిలో ఉంటే కేంద్రం, రాష్ట్రం భరించాలి.

చదవడానికి బాగానే ఉంది కదా. రెండు లొసుగులు. ఒకటి, శుభ్రం చేయడం ఇన్నాళ్లలో పూర్తి కావాలన్న గడువు లేదు. రెండోది చింతల్_వాసి గారికి కావలసిన జవాబు: ఈ గొలుసు మొదలవ్వాలంటే ముందు ఎవరో అనుమానించాలి. భవన అనుమతికి దరఖాస్తు పెట్టగానే దానంతట అదే కదిలేది కాదు. ప్లాన్ పాస్ చేసే టేబుల్ దగ్గర "ఇక్కడ ముందు ఏముండేది" అని అడిగే కాలమ్ బలంగా లేదు. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి, ఆ ఫారంలో "ఇప్పటికే కాలుష్యానికి గురైన ప్రాంతాలు" అనే వరస ఒకటుంది. నింపేది బిల్డర్ పెట్టుకున్న కన్సల్టెంటే. ఏమని నింపుతారో మీరే ఊహించుకోండి.

రెరా విషయం: టైటిల్, అనుమతులు, బకాయిలు చూస్తుంది. మట్టి గతం దాని పరిధిలో లేదు.

ఎడిసన్_బావ | సోమవారం, రాత్రి 8:10

నేను న్యూజెర్సీలో పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, అందుకే ఆగలేక రాస్తున్నా.

ఇక్కడ ఇస్రా అని ఒక చట్టం ఉంది (మన రాకెట్ల ఇస్రో కాదు). 1983లో వేరే పేరుతో మొదలై 1993లో ఈ రూపానికి వచ్చింది. దాని కిటుకంతా అది ఎప్పుడు మొదలవుతుంది అన్న దాంట్లో ఉంది. ఇల్లు కట్టేటప్పుడు కాదు, వాసన వచ్చినప్పుడు అంతకన్నా కాదు. కెమికల్ ఫ్యాక్టరీ లాంటిది మూసేసినా, అమ్మినా ఆ రోజునుంచే లెక్క. ఓనర్ ఐదు రోజుల్లో రాష్ట్రానికి నోటీసు ఇవ్వాలి. అమ్మేవాడు మట్టి సంగతి తేల్చకుండా, లేదా తేలుస్తానని హామీ కట్టకుండా చేతులు దులుపుకోలేడు. జేబులో డబ్బున్న మనిషి ఇంకా ఊళ్లో ఉండగానే పట్టుకుంటారన్నమాట. మన దగ్గర పదేళ్ల తరవాత, మూడు చేతులు మారాక వెతుకుతారు.

మొదటి దశలో ఒక్క శాంపిల్ కూడా తీయం. కాగితాలు, కాళ్లు, నోరు, అంతే పని. పాత మ్యాపులు, విమానం నుంచి తీసిన ఫోటోలు, పర్మిట్లు చదవాలి. స్థలమంతా నడవాలి. అక్కడ పనిచేసినవాళ్లతో మాట్లాడాలి. పాత_రియాక్టర్ గారు పైన రాసిన వేపచెట్టు సంగతి ఉంది చూశారూ, నా రిపోర్టులో అదే మొదటి పేజీకి ఎక్కేది. డ్రిల్లు ఎక్కడ దింపాలో చెప్పేది అలాంటి మాటే. అది లేకుండా గ్రిడ్ గీసి పది చోట్ల శాంపిల్ తీస్తే పదీ శుభ్రంగా వచ్చే అవకాశం ఉంది, నల్ల చార పదకొండో చోట ఉంటుంది.

ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. మా ఎడిసన్‌లో మనవాళ్లు ఈవెంట్లకి వెళ్లే ఎక్స్‌పో సెంటర్ ఉన్నది పాత ఆర్మీ ఆయుధ డిపో స్థలంలో. డిపో 1960ల్లోనే మూసేశారు. క్లీనప్ దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

కాంక్రీట్_కాకా | సోమవారం, రాత్రి 9:00

ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. మూడు సెల్లార్లంటే ముప్పై అడుగుల పైమాటే. జీడిమెట్లలో అంతలోపే రాయి తగులుతుంది. అంటే ఉన్న మట్టంతా తీసి పారేస్తారు. ఇంక కలుషిత మట్టి మీద ఇల్లు ఎక్కడిది? ఒకరకంగా బిల్డర్ తెలియకుండానే శుభ్రం చేసినట్టు కాదా?

రాతిపొర | సోమవారం, రాత్రి 10:50

కాకా గారూ, సగం నిజం. నేను భూగర్భజలాల మనిషిని.

బిల్డింగ్ కింద మట్టి పోతుంది, ఒప్పుకుంటాను. పైగా సెల్లార్ పార్కింగ్‌లో గాలి ఆడితే కింది ఆవిర్లు ఇంట్లోకి ఎక్కడం కూడా తగ్గుతుంది. కానీ మన గ్రానైట్ పగుళ్లతో ఉంటుంది. టోలీన్ అనే సాల్వెంట్ నీటి కన్నా తేలిక, నీటి మట్టం మీద తేలుతుంది. ఎండీసీ అనే ఇంకో సాల్వెంట్ నీటి కన్నా బరువు, పగుళ్ల వెంట కిందికి దిగుతూనే పోతుంది. ఆరొందల అడుగుల బోరు వేస్తే అది దొరికేది అక్కడే. తాగకపోయినా ఆ నీళ్లతోనే స్నానం చేస్తారు, వేడి నీళ్ల ఆవిరి పీలుస్తారు. "టీడీఎస్ 400, నీళ్లు బంగారం" అని వాచ్‌మెన్ చెప్పే పరీక్షలో సాల్వెంట్లు కనపడవు. విడిగా వీఓసీ (త్వరగా ఆవిరయ్యే రసాయనాల) పరీక్ష అడగాలి. గాజు సీసాని గాలి బుడగ లేకుండా నిండా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి ల్యాబుకి ఇవ్వాలి. వాటర్ బాటిల్లో పట్టుకెళ్తే దారిలోనే ఎగిరిపోయి "నిల్" అని వస్తుంది.

సెల్లార్ గీత బయట సెట్‌బ్యాక్‌లో (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ జాగాలో) ఉన్న మట్టి ఎక్కడికీ పోదు. పార్కు, పిల్లల ఇసుక తొట్టి, ఇంకుడు గుంత వచ్చేది అక్కడే. కలుషిత మట్టిలో ఇంకుడు గుంత తవ్వితే వాననీటితో సరుకుని కిందికి మనమే తోసినట్టు.

అసలు ప్రశ్న ఇంకోటుంది. తీసిన మట్టి ఎటు పోయింది?

నక్కవాగు_బిడ్డ | మంగళవారం, ఉదయం 7:30

మాది పటాన్‌చెరు దిక్కు. అందరూ ఫ్లాటు గురించి మాట్లాడుతున్నరు, నేను పొలం గురించి ఒక మాట చెప్పి పోత.

ఫ్యాక్టరీల నీళ్లతోని పాడైన మా నక్కవాగు సంగతి 1990లనే సుప్రీంకోర్టు దాకా పోయింది. జిల్లా జడ్జి వచ్చి చూసి రిపోర్టు రాసిండు, రైతులకు పరిహారం ఇయ్యమన్నరు. మా తాతకు వచ్చిన చెక్కుతోని రెండు బర్లు కొన్నడు. 2009ల కేంద్ర పీసీబీ దేశం మొత్తం లెక్క తీస్తే పటాన్‌చెరు, బొల్లారంకు 70 దాటి మార్కులు వచ్చినయి, అంటే తీవ్ర కాలుష్య ప్రాంతం. బడిల 70 వస్తే మిఠాయి పంచుతరు.

అప్పుడు రైతు మొత్తుకుంటే నమ్మలేదు. ఇప్పుడు అదే జాగల ఫ్లాట్లు వస్తున్నయి కాబట్టి సార్లు అందరు మట్టి గురించి అడుగుతున్నరు. అడగండ్రి, మంచిదే.

నల్లగౌను | మంగళవారం, ఉదయం 11:00

నక్కవాగు_బిడ్డ గారి మాటకి తోడు ఒకటి. రాజస్థాన్‌లో బిచ్రి అనే ఊరు. హెచ్ యాసిడ్ (రంగుల తయారీలో వాడే రసాయనం) తయారుచేసిన యూనిట్ల వల్ల బావులు ఎర్రబడ్డాయి. 1996లో సుప్రీంకోర్టు "పాడుచేసినవాడే కట్టాలి" అని గట్టిగా చెప్పిన తీర్పు అదే. శుభ్రం చేయడానికి 37.385 కోట్లు అని లెక్క తేలింది. పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోతే 2011లో కోర్టు విసిగి వడ్డీతో కట్టమంది. పదిహేనేళ్లు! కేసు గెలవడం వేరు, మట్టి బాగుపడటం వేరు. ముందే చూసుకోమనేది అందుకే.

మియాపూర్_మధు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

పారిశ్రామిక భూముల వాడకం మార్చే రాష్ట్ర ప్రభుత్వ హిల్ట్ పాలసీ గురించి ఎవరూ ఎత్తరేం? 2025 నవంబరులో వచ్చింది. ఓఆర్ఆర్ లోపలా, దాని పక్కనా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాలు ఫీజు కట్టి ఇళ్లకీ ఆఫీసులకీ మార్చుకోవచ్చు. జీడిమెట్ల, కాటేదాన్ అన్నీ అందులోవే. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో పేపర్లు రాశారు. టీవీ డిబేట్లలో మాత్రం ఎకరం ఎంత, ఎవరికెంత, అంతే. ఇదంతా ఎవరి కోసం తెచ్చారో అందరికీ తెలుసు, అసలు ఈ

[మిగతా భాగం తొలగించాం. పార్టీల గొడవకి వేరే దారం ఉంది, అక్కడ రాయండి. – మోడరేటర్]

ఎడిసన్_బావ | మంగళవారం, రాత్రి 8:45

మోడరేటర్ గారు కత్తిరించారు కానీ మొదటి సగంలో పాయింటు ఉంది. ఊరి నడిమధ్య నుంచి కాలుష్య పరిశ్రమలు పోవడం మంచిదే, దానికి నేను వ్యతిరేకం కాదు. వాడకం మారేటప్పుడే మట్టి చూడటానికి మంచి సమయం. ఫ్యాక్టరీకి పనికొచ్చే మట్టి ఇంటికి పనికిరాకపోవచ్చు. ఫ్యాక్టరీలో పెద్దవాళ్లు బూట్లేసుకుని ఎనిమిది గంటలుంటారు. ఇంట్లో రెండేళ్ల పిల్లాడు రోజంతా ఉంటాడు, మట్టి నోట్లో పెట్టుకుంటాడు. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్ థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసం కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల దాకా తగ్గిస్తే చాలా, ఇంకా తగ్గించాలా అన్న ఒక్క అంకె మీదే ఏళ్ల తరబడి కొట్లాట జరిగింది.

వాడకం మార్పు ఫీజు కట్టించుకునే కౌంటర్లోనే ఇంకో కాగితం అడిగితే చాలు: ఇక్కడ ఏం తయారయ్యేది, ఏం పారబోశారు, ఎవరు చూశారు. మొదటి దశకి అయ్యే ఖర్చు ఒక ఫ్లాటు కార్ పార్కింగ్ రేటు దాటదు.

నల్లగౌను | మంగళవారం, రాత్రి 9:30

చింతల్_వాసి గారికి చేయదగిన పని. పీసీబీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. "ఆ స్థలం కలుషితమా" అని అడగొద్దు, "మా దగ్గర సమాచారం లేదు" అని ఒక్క లైను వస్తుంది. పాత యూనిట్ సర్వే నంబరు రాసి, సీఎఫ్‌ఓ (యూనిట్ నడపడానికి పీసీబీ ఇచ్చే అనుమతి) కాపీలు, ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్, ఏటా ఇచ్చిన ఫారం 4 రిటర్నులు, మూసివేత ఉత్తర్వు కావాలని కాగితాల పేర్లతో అడగండి. ఏటా ఎన్ని టన్నుల వ్యర్థం పుట్టింది, ఎన్ని టన్నులు దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పాతిపెట్టే కేంద్రానికి) చేరింది అన్నది వాటిలో తెలుస్తుంది. రెండు అంకెలకీ మధ్య తేడా ఎక్కడుందో మీరు మొన్న చూసినట్టున్నారు. కలెక్టర్ ఆఫీసులో ఫోటోలతో ఫిర్యాదు కూడా ఇవ్వండి. ఆ అనుమానించే మనిషి మీరే అవ్వండి.

చింతల్_వాసి | మూడు వారాల తరవాత, శనివారం, సాయంత్రం 6:15

అప్‌డేట్. ఫ్లాటు వదిలేశాం. టోకెన్ అమౌంట్ తిరిగి ఇవ్వడానికి నాలుగు సార్లు తిప్పించుకున్నారు, చివరికి ఇచ్చారు. ఆర్‌టీఐ పెట్టాను, జవాబు ఇంకా రాలేదు. కలెక్టరేట్‌లో రసీదు తీసుకున్నాను.

నిన్న అటువైపు వెళ్లి చూస్తే ఆ మూల మొత్తం తవ్వేశారు. నల్ల చార లేదు, వాసనా లేదు. గోతిలో ఊరిన నీళ్లని మోటారు పెట్టి నాలాలోకి తోడుతున్నారు, పైపు మూతి దగ్గర నురగ. వాచ్‌మెన్‌ని టీకి పిలిచి మెల్లగా అడిగాను. ఆ మట్టి టిప్పర్లు రాత్రిపూట దుండిగల్ వైపు వెళ్లాయట.

రాతిపొర | శనివారం, సాయంత్రం 6:40

టీఎస్‌డీఎఫ్‌కి వెళ్లి ఉంటే బండి వెంట మేనిఫెస్ట్ (ఏ వ్యర్థం ఎక్కడినుంచి ఎక్కడికో రాసే) కాగితం ఉంటుంది, తూకం రసీదు ఉంటుంది. ఆ మాట అడిగారా?

చింతల్_వాసి | శనివారం, సాయంత్రం 6:52

అడిగాను. కాగితాల్లాంటివేమీ లేవట. ఏదో వెంచర్లో ఫిల్లింగ్‌కి అన్నాడు. డ్రైవర్లకి తలనొప్పి వచ్చి రెండో రోజు రానన్నారట, వేరే వాళ్లని పెట్టారట.

గాగిల్లాపూర్_ప్లాటు | శనివారం, రాత్రి 8:05

కొత్త సభ్యురాలిని. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ దారం కనిపించింది. మా రెండొందల గజాల ప్లాటు పల్లంలో ఉందని పదిహేను రోజుల కింద ఎనిమిది టిప్పర్ల మట్టి పోయించాం. మామూలు రేటులో సగానికే ఇచ్చారు, రాత్రి పన్నెండింటికి తెచ్చారు. పైన ఎర్రగానే ఉంది. వాన పడ్డ రోజు మాత్రం ఏదో వాసన వచ్చింది, పక్క ప్లాటులో పెయింటింగ్ అనుకున్నాం. ఫోటో పెడుతున్నాను. ఇదే మట్టా, చూసి చెప్పగలరా?

పాత_రియాక్టర్ | శనివారం, రాత్రి 8:20

ఫోటోలో తెలియదమ్మా. లొకేషన్ నాకు మెసేజ్ చెయ్యండి, రేపు పదింటికి వస్తాను. రాతిపొర గారూ, మీ దగ్గర గాజు సీసాలుంటే మీరూ రండి. ఈలోగా దాన్ని కదపొద్దు, నీళ్లు చల్లొద్దు, పిల్లల్ని అటు పంపొద్దు. టిప్పర్ నంబరు ఎవరైనా రాసుకున్నారేమో ఇప్పుడే అడిగి పెట్టండి.